నలుగురం కలిసి చెప్పే కోర్సులో అందరికీ పాఠం అందాలంటే

పీహెచ్‌డీలో చేరినవారు ముందుగా కోర్సు వర్కు, అంటే పరిశోధనకు కావలసిన తరగతులు, పూర్తి చేయాలి. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2022 నిబంధనల ప్రకారం దీనికి కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. మా విశ్వవిద్యాలయంలో పరిశోధనా పద్ధతులను నలుగురం పంచుకుని చెబుతాం. గణాంకాలు ఒకరివి, గ్రంథాలయ వనరులు ఒకరివి, ప్రచురణ నైతికత మరొకరిది, పరిశోధన రచన నాది. మా ఎదుట తెలుగు ఎం.ఏ. వారూ, రసాయన శాస్త్రం వారూ, పదేళ్లు ఉద్యోగం చేసి మళ్లీ చదువుకు వచ్చినవారూ ఒకే గదిలో కూర్చుంటారు. ఇలాంటి కోర్సు బాధ్యత కొత్తగా తీసుకునేవారికి, సమన్వయకర్తగా నాకు తెలిసింది చెబుతాను.

తరగతులు మొదలవకముందే పాత జవాబుపత్రం ఒకటి తీసుకుని, ఒకరి మార్కులు ఒకరు చూడకుండా అందరూ దిద్దండి. మేము మొదటిసారి దిద్దినప్పుడు 20కి ఒకరు 15 వేశారు, మరొకరు 8 వేశారు. ఎనిమిది వేసినవారు ఇంగ్లిషు తప్పులకు మార్కులు తగ్గించారు, పదిహేను వేసినవారు పద్ధతి మాత్రమే చూశారు. గంటసేపు వాదించుకున్నాక, నేను చెప్పే రచన భాగంలో తప్ప భాషాదోషాలకు మార్కులు తగ్గించకూడదని నిర్ణయించాం. దాన్ని మొదటి రోజే రాసి విద్యార్థుల చేతికిచ్చాం.

తర్వాత మాటల సంగతి. తెలుగు మాధ్యమంలో చదివిన ఒక అబ్బాయి గణాంకాల తరగతిలో మూడు వారాలు నోరు విప్పలేదు. బోర్డు మీద 3, 7, 8, 12, 40 రాసి నడిమి సంఖ్య చూపించగానే, ‘ఇది మధ్యగతమే కదా మేడమ్!’ అన్నాడు. పదో తరగతిలోనే నేర్చుకున్నాడు, మీడియన్ అన్న పేరు మాత్రం తెలియదు. సగటు 14కు ఎందుకు పోయిందో పక్కవాళ్లకు తనే వివరించాడు. అప్పటినుంచి రెండు పేజీల పదపట్టిక తయారుచేసి, నలుగురమూ అందులోని మాటలే రెండు భాషల్లోనూ వాడుతున్నాం.

నోట్సు విషయంలో తప్పు నాదే. చూపులేని పరిశోధక విద్యార్థి ఒకరు నా నోట్సు తెరిచి, ఇయర్‌ఫోన్ ఒకటి నా చేతికిచ్చి, ‘ఒకసారి వినండి మేడమ్’ అన్నారు. తెర మీద చక్కని తెలుగే ఉంది. చెవిలో మాత్రం పొంతనలేని ఇంగ్లిషు అక్షరాలూ గుర్తులూ. నేను టైపు చేసింది ‘అను’ అనే ఫాంటులో. కంటికి తెలుగులా కనిపించినా, తెర మీది అక్షరాలను పైకి చదివే స్క్రీన్ రీడర్‌కు అది తెలుగు కాదు. ఆ రాత్రే, కంప్యూటర్ తెలుగును తెలుగుగానే గుర్తించే యూనికోడ్‌లోకి మార్చడం మొదలుపెట్టాను. ఇప్పుడు నలుగురి నోట్సూ యూనికోడ్‌లోనే, తరగతికి మూడు రోజుల ముందు ఇస్తాం. పుస్తకం పేజీలకు ఫొటోలు తీసి పంపడం మానేశాం. బోర్డు దగ్గర ‘ఇది చూడండి’ అనకుండా, రాసింది పైకి చదవడం అలవాటు చేసుకున్నాం. పరీక్షలో దివ్యాంగులకు గంటకు కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వాలి. వారు చెబుతుంటే జవాబులు రాసిపెట్టే లేఖకుల ఏర్పాటు మొదటి వారంలోనే మొదలుపెట్టండి. పరీక్షల ముందు పరుగులు పెడితే నష్టపోయేది వారే.

ఒకరి తరగతి ముగిసి మరొకరిది మొదలయ్యే చోట విద్యార్థులు ఎక్కువగా జారిపోతారు. అందుకే ఒక నోటుపుస్తకం నలుగురి మధ్య తిరగాలి. ఎక్కడ ఆగాను, ఎవరికి ఏది అందలేదు అన్న రెండు విషయాలు చాలు. కుదిరితే ఒకరి తరగతిలో మరొకరు కూర్చోండి. ఆ గంటలను పనిభారంలో లెక్కించమని విభాగాధిపతిని ముందే రాతపూర్వకంగా అడగండి.

నాలుగో వారంలో పేరు లేని చీటీలు తీసుకుని, ఆ సాయంత్రమే నలుగురూ కలిసి చదవండి. గత ఏడాది చీటీల్లో ఎక్కువమంది అడిగింది పాఠం గురించి కాదు. శనివారం తరగతి అయిదింటికి ముగిస్తే ఊరి బస్సు అందడం లేదని రాశారు. మరుసటి శనివారం నుంచి అరగంట ముందే మొదలుపెట్టాం.