ఇంగ్లీషు నుడికారం – 7వ పాఠం: బ్లూ మూన్, న్యూకాజిల్ బొగ్గు

ముందుగా, 'అండర్ ద వెదర్' అంటే ఏమిటని పోయిన పాఠంలో అడిగినదానికి జవాబు. 'అండర్ ద వెదర్' అంటే ఒంట్లో నలతగా ఉండడం. వానలో తడవడం కాదు. జలుబు, తలనొప్పి వరకే అది; ఆస్పత్రిలో చేరినవాళ్ల గురించి వాడకండి.

ఈసారి మొదటిది 'వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్'. కడపలో ఎస్సెస్సీ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) కోచింగ్‌కు పోయే పిల్లలు దీన్ని 'చాలా అరుదుగా' అని బట్టీ పడతారు. మార్కు వస్తుంది, మాట మాత్రం నోటికి రాదు. పున్నమికీ పున్నమికీ మధ్య సుమారు 29న్నర రోజులు. ఇంగ్లీషు నెల అంతకన్నా పొడుగు కాబట్టి ఎప్పుడో ఒకసారి ఒకే నెలలో రెండు పున్నములు పడతాయి. 2023 ఆగస్టులో పడ్డాయి. ఆ రెండోదే బ్లూ మూన్. ఈ లెక్క 20వ శతాబ్దంలో స్థిరపడింది, నానుడి అంతకంటే పాతది. అయినా గుర్తుపెట్టుకోవడానికి ఇంతకు మించిన దారి లేదు. (మన పంచాంగం నెలలు చంద్రుణ్ణి బట్టే నడుస్తాయి గనక వాటిలో ఇది కుదరదు.)

తెలుగులో దీనికి జోడీ ఏది? చాలామంది 'అమావాస్యకో పున్నానికో' అంటారు. నా లెక్కలో అది నెలకోసారైనా జరిగే పని. 'ఏ పుష్కరానికో' అన్నదే దగ్గర. కర్నూలులో తుంగభద్ర పుష్కరాలు 2020లో వచ్చాయి, మళ్లీ 2032లోనే.

వాడుక: 'వియ్ గో టు గండికోట వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్.' వాక్యం చివర పెట్టండి. 'ఎ' బదులు 'ద' వద్దు.

రెండోది 'క్యారీ కోల్స్ టు న్యూకాజిల్'. ఇంగ్లండులో టైన్ నది ఒడ్డు ఊరది. శతాబ్దాల పాటు లండన్‌కు బొగ్గు ఓడల్లో పోయింది అక్కడినుంచే. అలాంటి ఊరికి బొగ్గు మోయడమంటే ఎర్రగుంట్లకు నాపరాళ్లు తోలడమే. దీన్ని 'బూడిదలో పోసిన పన్నీరు'తో కలపకండి. వృథా అయిన ప్రతి శ్రమకూ ఇది చెల్లదు. దండిగా ఉన్నచోటికే మళ్లీ అదే తీసుకుపోతే చెల్లుతుంది. పాతకాలపు వాసన ఉన్న మాట కాబట్టి ఇంటర్వ్యూలో వద్దు, చదివినప్పుడు అర్థమైతే చాలు.

అభ్యాసం: కింది మూడింటిలో న్యూకాజిల్ దేనికి సరిపోతుందో రాయండి. అనంతపురం రైతుకు వేరుశనక్కాయలు కానుకగా ఇవ్వడం. రాత్రంతా చదివి పరీక్ష తప్పడం. ఏడాదికోసారి కూడా ఫోన్ చేయని మామ. వచ్చే పాఠంలో 'స్పిల్ ద బీన్స్'.