కాబూల్ కథ రాసే ముందు తేదీ వేసుకోండి

నా మొదటి కాబూల్ కథలో కథానాయిక కిటికీ దగ్గర కూర్చుని రోడ్డు చూస్తూ ఏడుస్తుంది. కాలం 1998. చదివిన పెద్దాయన ఒకరు, "ఏమ్మా, ఆడవాళ్లు బయటికి కనబడకూడదని అప్పట్లో కింది అంతస్తుల అద్దాలకు రంగు పూయించారుగా, ఈవిడకి రోడ్డెలా కనబడింది?" అన్నారు. తల కొట్టేసినట్టయింది.

అప్పట్నుంచి ముందు తేదీ, తర్వాతే కథ. తాలిబన్లు 1996 సెప్టెంబరులో కాబూల్ పట్టుకున్నారు, 2001 చివర్లో పోయారు, 2021 ఆగస్టు 15న మళ్లీ వచ్చారు. రెండోసారి ఆడవాళ్ల మీద ఆంక్షలు విడతలు విడతలుగా దిగాయి. 2022 నవంబరులో పార్కులు, డిసెంబరులో యూనివర్సిటీలు, 2023 జులైలో బ్యూటీ పార్లర్లు. మీ స్నేహితురాళ్లిద్దరూ 2024లో కాబూల్ పార్కులో కబుర్లు చెప్పుకుంటుంటే ఇంక ఆ కథ నేను చదవను.

కన్నీళ్లు తగ్గించి వస్తువులు పెంచండి. 2022 మార్చి 23నే తీసుకోండి. హైస్కూళ్లు తెరుస్తున్నామంటే ఆడపిల్లలు నల్ల గౌను, తెల్ల స్కార్ఫుతో వెళ్లారు. కొద్ది గంటల్లోనే ఇంటికి పొమ్మన్నారు. పొద్దున్నే ఇస్త్రీ చేసిన ఆ గౌనుని సాయంత్రం వాళ్లమ్మ ఏం చేసింది? ఉతికిందా, అలాగే మడిచి దాచిందా? అది రాయండి.

"బురఖా వేసుకుంది" అని ఒక్క ముక్కలో తేల్చకండి. కాబూల్ వాళ్లు దాన్ని చాదరీ అంటారు. కళ్ల ముందు చిన్న జాలీ, పక్కలు కనబడవు. నేను దోమతెర గుడ్డ నాలుగు మడతలేసి ముఖానికి కట్టుకుని మా డాబా మెట్లు దిగి చూశాను. మూడో మెట్టుకే గోడ పట్టుకున్నాను. (మావారు నవ్వారు, నవ్వనీయండి.)

ప్రయాణం పెడితే తోడెవరో ముందే తేల్చుకోండి. 72 కిలోమీటర్లు దాటితే దగ్గరి బంధువైన మగవాడు వెంట ఉండాలని 2021 డిసెంబరులో ఆదేశమిచ్చారు. విధవరాలైతే ఎవరినడుగుతుంది? సగం కథ అక్కడే దొరుకుతుంది.

ఆమెను కాపాడే విదేశీ విలేకరిని మాత్రం కొట్టేయండి. బదులు ఆమెకి నోరివ్వండి. పష్తూన్ ఆడవాళ్లు పాడుకునే లండై అనే జానపద పద్యం రెండే పాదాలు, 22 అక్షరాలు. అందులో చేతకాని మొగుణ్ని ఎంత ఎగతాళి చేస్తారో!

నా కథలో ఆ కిటికీ ఇప్పటికీ ఉంది. రంగు మీద సూదితో గీకిన బొట్టంత చోటులోంచి చూస్తే ఆమెకి కనబడేది ఎదురింటి గోడ.