పోకర్‌లో ముందు సీట్లో ఏసుల జత వస్తే: నాకు పనిచేసింది ఇది

చాలామంది అడుగుతున్నారని రాస్తున్నా. టెక్సస్‌లో నేనాడేది 1-3 డాలర్ల నో లిమిట్ పోకర్, అంటే కార్డులు చూడకముందే ఇద్దరు 1, 3 డాలర్లు (స్మాల్ బ్లైండ్, బిగ్ బ్లైండ్) తప్పనిసరిగా వేయాలి, ఆపైన పందేనికి పరిమితి లేదు. అందరికన్నా ముందు ఆడాల్సిన బిగ్ బ్లైండ్ పక్క సీట్లో ఏసులో కింగులో జత పడితే 10కి రైజ్ చేసేవాణ్ని (పందెం పెంచేవాణ్ని), ఐదుగురు కాల్ కొట్టేవాళ్లు (అంతే వేసి ఆటలో ఉండేవాళ్లు), ఫ్లాప్‌లో (టేబుల్ మీద తెరిచే మొదటి మూడు కార్డుల్లో) 8-9-10 పడితే, ఎవరికి వరస కుదిరిందో తెలీక ఇంక చేతులు ఆడవు. లింప్ (పెంచకుండా 3 మాత్రమే వేయడం), లింప్ చేసి ఎవరైనా పెంచితే రీరైజ్, నేరుగా ఆల్ ఇన్ (ఉన్నదంతా వేయడం), అన్నీ చూశా, కుదర్లేదు.

కుదిరింది ఇలా. కూర్చోగానే ఒక రౌండ్ ఏమీ ఆడకుండా ఎంత రైజ్‌కి ఎంతమంది వస్తున్నారో మాత్రమే చూశా, మా టేబుల్‌లో 15కి కూడా నలుగురొచ్చారు, 20కి ఒకరో ఇద్దరో. అంతే, ఆ సీట్లోంచి ఏ చెయ్యి (చేతికొచ్చిన రెండు కార్డులు) ఆడినా 20 అని ఫిక్సయ్యా, ఏసులకి ఒకటి పదుల జతకి ఒకటి పెడితే రోజూ వచ్చే రెగ్యులర్స్ పట్టేస్తారు. సూట్ (గుర్తు) కలవని ఏస్-10, కింగ్-జాక్ పడేయడం మొదలుపెట్టా, అసలు కష్టమైంది ఇదే.

ఇద్దరొస్తే పాట్ (మధ్యలో పోగైన డబ్బు) బ్లైండ్లతో కలిపి 64, నా ముందు ఇంకా 280, ఫ్లాప్‌లో 40 వేస్తా. ఎప్పుడూ నోరెత్తని పెద్దాయన టర్న్‌లో (నాలుగో కార్డు తెరిచాక) రైజ్ చేస్తే మాత్రం ఏసులైనా పడేస్తా.

ఏ చెయ్యితోనైనా వచ్చే ఒకడి మీద ఏసులు 85 శాతం గెలుస్తాయి, ఐదుగురి మీద 49 శాతమే, అందుకే మనుషుల్ని తగ్గించడం.

నేను చూసింది రెండు నెలలే, ఆన్‌లైన్‌లో పనిచేస్తుందని చెప్పలేను. 20కి అందరూ ఫోల్డ్ అయ్యే (కార్డులు పడేసే) టేబుల్ అయితే 12కి దిగండి.