జరగని చరిత్రలో కుర్రకారు కథ – 4వ పాఠం: ‘రాలేదు’ అని రాయకండి

ఈ వారం ఊరి దొర పాత్ర గురించి చెబుదామనుకున్నాను. మీరు పంపిన మొదటి పేజీలు చదివాక దాన్ని వాయిదా వేశాను.

తప్పు కొంత నాదే. “చరిత్రలో ఒక్క మలుపు మార్చి, అక్కణ్నుంచి కథ రాయండి” అని వదిలేశాను. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం నిజాం రాజ్యంలోకి రాలేదని అందరూ మార్చారు. బాగుంది. కథ 1975లో, సూర్యాపేటలో, పదిహేనేళ్ల పిల్లది. అదీ బాగుంది. (మొబైల్ ఫోన్ పెట్టినవారు ఆ సంవత్సరం మళ్లీ ఒకసారి చూసుకోండి.) కానీ దాదాపు అందరి మొదటి వాక్యమూ ఒకటే: “ఆ రోజు సైన్యం రాలేదు.”

ఆ మాట ఎవరిది? మీది. పిల్ల పుట్టిందే 1960లో. వస్తారని ఎవరూ చెప్పని చుట్టాల కోసం ఎవరైనా గుమ్మంలో నిలబడతారా? తాత ఎదురుచూసి ఉండొచ్చు, అది తాత కథ. కొందరు ఆ తాతనే మంచం మీద కూర్చోబెట్టి రెండు పేజీలు మాట్లాడించారు: “నీకు తెలుసు కదమ్మా, మన రాజ్యం...” తెలిస్తే మళ్లీ చెప్పడమెందుకు? సైన్యం ఎందుకు ఆగిందో మీ నోటుబుక్కులో ఉంచుకోండి. 1947 నవంబరులో నిజాం, ఇండియా ఒక్క ఏడాదికి చేసుకున్న యథాతథ ఒప్పందాన్ని (ఉన్నది ఉన్నట్టే సాగనిద్దామన్న ఒప్పందం) ఏటా పొడిగిస్తూ పోయారనుకుంటే చాలు.

కథలో మాత్రం ఉన్నదే చూపండి. కోదాడ దాటాక కరోడ్‌గిరి నాకా, అంటే నిజాం సుంకం చౌకీ. అవతల జగ్గయ్యపేట, ఇండియా. పిల్ల అక్కడి కొట్లో హాలీ సిక్కా (నిజాం నాణెం) అణా పెట్టి బెల్లం బిళ్లలు అడుగుతుంది. కొట్టాయన దాన్ని తిప్పి తిప్పి చూసి నవ్వుతాడు. అక్కడ 1957 నుంచే రూపాయికి నూరు పైసలు. ఈ పిల్ల ఊళ్లో ఇంకా పదహారణాలే. పాఠకుడికి అంతా అర్థమైపోయింది. ఈ అణా అంటే నాకు ముద్దు, అలాగని అందరూ ఇదే వాడేయకండి.

కొత్త చట్టాలు కనిపెట్టే శ్రమ కూడా వద్దు. ఉన్నవాటిని రద్దు చేయకండి, చాలు. సభ పెట్టాలంటే అనుమతి తీసుకోవాలన్న నిజాం సర్కారు ఉత్తర్వు, గస్తీ నిషాన్ 53 ఉండనే ఉంది. పుట్టినరోజుకు పదిమంది పిల్లలు చేరితే అది సభ అవుతుందా? 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలోని ఉర్దూ మాధ్యమాన్ని ఊరి బడిదాకా దించండి. ఇంట్లో తెలుగు, లెక్కల పరీక్ష ఉర్దూలో.

అభ్యాసం: పిల్ల నాకా మీదుగా ఇంటికి తిరిగొస్తోంది. గుప్పిట్లో అవతలి పైసలు. సిపాయి “చెయ్యి తెరువు” అంటాడు. ఒక్క పేజీ రాయండి. అందులో సంవత్సరం ఉండకూడదు. లేదు, కాదు, రాలేదు లాంటి మాట ఒక్కటి కూడా ఉండకూడదు. నేను రాసి చూస్తే మూడు రోజులు పట్టింది. రెండుచోట్ల ‘కాదు’ ఇంకా వదల్లేదు.