లైనక్స్‌లో వేరే నేమ్‌స్పేస్ (కొన్ని ప్రాసెస్‌లకు కెర్నల్ విడిగా చూపే వాతావరణం) లోని కెర్నల్ సెట్టింగు మార్చే ముందు జాగ్రత్తలు

• ఆ సెట్టింగు దేనికి చెందినదో ముందు తేల్చుకోండి. సెట్టింగులు ఫైళ్లుగా కనిపించే /ప్రాక్/సిస్/నెట్ (/proc/sys/net) కింద ఉన్నవాటిలో చాలావరకు నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌వి, హోస్ట్‌నేమ్ (యంత్రం పేరు) యూటీఎస్ నేమ్‌స్పేస్‌ది, షేర్డ్ మెమరీ పరిమితులు ఐపీసీ (ప్రాసెస్‌ల మధ్య సమాచార మార్పిడి) నేమ్‌స్పేస్‌వి. స్వాపినెస్ (మెమరీని డిస్క్‌కు తరలించే మొగ్గు) లాంటివి యంత్రమంతటికీ ఒక్కటే. ఒక కంటైనర్ (నేమ్‌స్పేస్‌లతో వేరుచేసిన ప్రాసెస్‌లు) కోసం దాన్ని మారిస్తే ప్రభావం హోస్ట్ (అసలు యంత్రం) మీదా పడుతుంది.

• సొంత నేమ్‌స్పేస్ డిస్క్రిప్టర్‌ను (దాన్ని సూచించే తెరిచిన ఫైలు సంఖ్యను) ముందే తెరిచి ఉంచుకోండి, తిరిగి రావడానికి.

• సెట్‌ఎన్ఎస్ (వేరే నేమ్‌స్పేస్‌లోకి మారే సిస్టమ్ కాల్) విజయవంతమైందని చూశాకే సెట్టింగు ఫైలు తెరవండి. ముందే తెరిచిన నెట్ ఫైలు పాత నేమ్‌స్పేస్‌నే పట్టుకుని ఉంటుంది. రాత సఫలమైనట్టే కనిపిస్తుంది, మారేది మాత్రం హోస్ట్ విలువ. ఎర్రర్ ఏదీ రాదు కనుక అన్నిటికన్నా నేను భయపడేది దీనికే.

• సెట్‌ఎన్ఎస్ పిలిచిన థ్రెడ్‌కే వర్తిస్తుంది. ఫోర్క్ చేసి (ప్రాసెస్‌కు ఒక నకలు పుట్టించి), ఆ పిల్ల ప్రాసెస్‌లో పని ముగించడం నా దృష్టిలో ఉత్తమం.

• సెట్‌ఎన్ఎస్‌కు కావలసిన క్యాప్_సిస్_అడ్మిన్ (CAP_SYS_ADMIN) అనుమతి ఉందా?

• పాత విలువ చదివి దాచుకోండి. కొత్త సంఖ్యను ముక్కలు చేయకుండా, ఫైలు మొదటి నుంచి ఒకే రైట్ పిలుపులో రాయండి. తర్వాత మళ్లీ చదివి సరిచూడండి.

• పాత సిస్‌కంట్రోల్ సిస్టమ్ కాల్ వాడకండి, లైనక్స్ 5.5లో దాన్ని తొలగించారు.