రోజూ ఔటర్ ఎక్కేవారు కారు మార్చేముందు

మృగశిర కార్తె వచ్చేలోగా పాత కారు మార్చేయాలనుకుంటున్నారా? అందులోనూ రోజూ హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి నానక్‌రామ్‌గూడలో దిగే ఉద్యోగమైతే, షోరూంకు వెళ్లేముందు కాగితం మీద ఒక లెక్క వేయండి. రానూపోనూ 80 కిలోమీటర్లు, నెలకు 25 రోజులు అనుకుంటే ఏడాదికి 24,000 కిలోమీటర్లు. లక్ష కిలోమీటర్ల వారంటీ నాలుగేళ్ల చిల్లరలో అయిపోతుంది. పదివేలకోసారి సర్వీసంటే అయిదు నెలలకోసారి తప్పదు.

మనవాళ్లు కారు అనగానే మొదట అడిగేది మైలేజీ. ఇక్కడ దాన్ని నాలుగో ప్రశ్నగా పెట్టుకోండి. 158 కిలోమీటర్ల ఔటర్ మీద కుడివైపు రెండు వరుసల్లో గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు. ఆ వేగంలో కారు సెకనుకు 33 మీటర్లు పోతుంది. ముందు లారీ ఆగి ఉందని గ్రహించి కాలు బ్రేకు మీదికి వెళ్లేలోపే అంత దూరం దాటిపోతాం. అందుకే బ్రేకులు, టైర్లు, వేగంలో నిలకడ ముందు చూడాలి.

ఇది కాలనీలో ఒక చుట్టు తిరిగితే తెలిసేది కాదు. అమ్మేవారు అలాగే తిప్పి చూపిస్తారు. టోల్ మీరే కట్టి ఔటర్ ఎక్కించండి. వంద వేగంలో అరగంట నడపండి. తొంభై దాటాక స్టీరింగ్ వణికితే చక్రాల బ్యాలెన్సింగ్ పోయి ఉండవచ్చు, అది చిన్న ఖర్చు. బ్రేకు నొక్కినప్పుడు మాత్రమే వణికితే డిస్కుల మీద అనుమానం. నేరుగా ఉన్న రోడ్డు మీద పట్టు కాస్త వదిలితే ఒక పక్కకే లాగుతోందంటే చక్రాల అలైన్‌మెంట్ చూపించాలి. అది సరిచేశాక కూడా లాగితే పాత ప్రమాదం దెబ్బేమో మెకానిక్ చేత కింద చూపించండి. టాప్ గేరులో వంద దగ్గర ఇంజన్ ఎంత అరుస్తోందో వినండి. పొద్దున ఓర్చుకున్న ఆ రొద సాయంత్రం తిరుగు ప్రయాణంలో తలనొప్పి అవుతుంది. సీటు తొడల కింద ఆనుతోందా లేదా అన్నది కూడా అరగంటకు గాని తెలియదు.

సెకండ్ హ్యాండ్ అయితే నీళ్లలో మునిగిన బండి భయం ఉండనే ఉంది. 2020 అక్టోబరు వరదల్లో ఈ ఊళ్లో ఎన్ని కార్లు తేలాయో అందరూ చూశారు. బయట పాలిష్‌తో అద్దంలా మెరిపిస్తారు గాని సీటు బెల్టును కడదాకా లాగి చూడరు. మీరు లాగండి. చివరి మూరలో మట్టి చార ఉంటే అక్కడితో బేరం ఆపేయండి. డిక్కీలో స్టెప్నీ ఎత్తి గుంతలో ఒండ్రు ఉందేమో, సీట్ల కింది బోల్టులకు తుప్పు పట్టిందేమో చూడండి. ఏసీ ఆపి అద్దాలు మూసి అయిదు నిమిషాలు కూర్చుంటే, ఎంత అత్తరు చల్లినా ముక్కిపోయిన వాసన బయటపడుతుంది. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన బండి అయితే అక్కడి రవాణా శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం (ఎన్వోసీ) చూసి, ఈ పరీక్షలన్నీ రెండుసార్లు చేయండి.

టైరు పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం తయారీ. టైరు మీది గాడుల లోతు చట్టప్రకారం 1.6 మిల్లీమీటర్లుంటే చాలు గాని వానలో అది చాలదు. నీరు బయటికి పోయే దారి లేక టైరు నీటి పొర మీదే జారుతుంది. అరిగిన టైర్లున్న కారుకు బేరంలో నాలుగు కొత్త టైర్ల ధర తగ్గించమనండి. స్టెప్నీ సన్నగా ఉంటే దాని మీద రాసి ఉన్న వేగం చదవండి, సాధారణంగా 80కి మించకూడదు.

ఇంధనం సంగతి క్లుప్తంగా. రోజూ దూరం పోయే బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) డీజిలు కారుకు ఔటర్ మంచిదే, ఎగ్జాస్ట్‌లోని వడపోత వేడెక్కి తనంతట తాను శుభ్రపడుతుంది. రోజంతా మెహిదీపట్నం ట్రాఫిక్‌లో పాకేవారికి ఆ మాట వర్తించదు. పాత పెట్రోలు కారైతే ఈ20 ఇంధనం (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు) సరిపడుతుందో లేదో కంపెనీ పుస్తకంలో చూడండి. విద్యుత్ కారుకు తెలంగాణలో 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను లేదు గాని, వందకు పైన నడిపితే ఒక్క చార్జింగ్‌తో ఇంత దూరం పోతుందని చెప్పిన రేంజ్ రాదు.

కొత్తదైతే ఢీకొట్టి చూసే భద్రతా పరీక్షలో వచ్చిన భారత్ ఎన్‌క్యాప్ నక్షత్రాలు, కారు అదుపు తప్పకుండా చూసే ఈఎస్‌సీ అడగండి. సన్‌రూఫ్ కోసం వీటిని వదులుకునేవారిని చూస్తే నాకు ఆశ్చర్యం. క్రూజ్ కంట్రోల్ ఉంటే మాత్రం వానలో వాడకండి.

ఇక పాత కారు. కొన్నవారి మాట మీద ఆర్సీ ఇచ్చి పంపేయకండి. 29, 30 ఫారాలు నింపి, పేరు మారిందని ఆర్టీఏ రికార్డులో కనిపించేదాకా వదలవద్దు. అమ్మినట్టు తెలియజేయడానికి చట్టం మీకిచ్చిన గడువు 14 రోజులు; ఆలోగా చేయకపోతే వాళ్ల చలాన్లు మీ ఫోనుకే వస్తాయి. పాత ఫాస్టాగ్ మూయించండి. బీమాలో క్లెయిము చేయనందుకు వచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, బండిది కాదు, మీది. బీమా కంపెనీ నుంచి దాని లేఖ తీసుకుంటే కొత్త కారు సొంత నష్టం (మీ కారుకే జరిగే నష్టం) ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గుతుంది.