గట్టి వాచీ ఎంచుకోవడం, 4వ పాఠం: కీ, వాషర్, వెనక మూత

ఈ వారం బెల్టుల పాఠం చెబుతానన్నాను. అది వచ్చే వారానికి జరిపాను. వెనక మూత మీద అంకెలు ఎలా చదవాలో మూడో పాఠంలో చూశాం. అది చదివి రాసినవాళ్ళలో చాలామందిది ఒకటే గోడు: అద్దం లోపల ఆవిరి పట్టింది. ఆ సంగతి తేల్చకుండా ముందుకు వెళ్ళడం నాకు ఇష్టం లేదు.

ఒకరు 50 మీటర్ల వాచీ (అంత లోతు నీటి ఒత్తిడికి తట్టుకుంటుందని రాసి ఉన్నది) పెట్టుకుని కోనసీమలో కాలవలో ఈదారు. ఏమీ కాలేదు. ఇంటికొచ్చి అదే వాచీతో గీజర్ నీళ్ళు పోసుకుని తలస్నానం చేశారు, గంటలో అద్దం మసకబారింది. ఇంకొకరు రుషికొండ దగ్గర సముద్రంలో దిగారు. వాచీ 200 మీటర్లది, కీ మరతో బిగించే రకం. అంతకుముందు రోజు తేదీ సరిచేసి కీ సగమే బిగించారు, లోపలికి నీళ్ళు వెళ్ళాయి. మూడో ఆయనది మరీ బాధ. పాత 30 మీటర్ల వాచీ చెడిపోయిందని 200 మీటర్లది కొన్నారు. అది బాగానే నడిచింది. సెల్లు అయిపోతే బస్టాండు పక్కన మార్పించారు. ఆ తరవాత మొదటి వానకే లోపలికి నీళ్ళు వెళ్ళాయి.

ముగ్గురూ చివర్లో అడిగింది ఒకటే: "ఇంకా పెద్ద అంకె ఉన్నది కొనాలా?" అక్కర్లేదు. ముగ్గురిలో ఎవరి వాచీకీ అంకె చాలక నీళ్ళు వెళ్ళలేదు.

షాపుల్లోనూ వీడియోల్లోనూ వినపడే ఒక మాట నాకు బాగా చిరాకు తెప్పిస్తుంది. "ఈతలో చెయ్యి విసిరితే నీటి ఒత్తిడి అమాంతం పెరిగిపోతుంది, అందుకే 30 మీటర్ల వాచీ ఈతకు పనికిరాదు" అంటారు. పనికిరాదన్నది సరే, చెప్పిన కారణం తప్పు. ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన సూత్రమే చాలు: కదలిక వల్ల కలిగే ఒత్తిడి కావాలంటే సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో హెచ్చవేయాలి. నీటి సాంద్రత ఘనపు మీటరుకు 1000 కిలోలు. ఈతలో చెయ్యి సెకనుకు 5 మీటర్ల వేగంతో కదిలిందనుకుందాం, మామూలు మనిషికి అదే ఎక్కువ. 500ని 25తో హెచ్చవేస్తే 12,500 పాస్కల్స్. పది మీటర్ల లోతుకు సుమారు ఒక బార్, అంటే లక్ష పాస్కల్స్. కాబట్టి మీ చెయ్యి విసురు వల్ల కలిగింది మీటరుంపావు లోతుకు సమానం. వేగం రెట్టింపు చేసి సెకనుకు 10 మీటర్లు అనుకున్నా 50,000 పాస్కల్స్, అయిదు మీటర్ల లోతు. ముప్పై మీటర్లు ఎక్కడా దాటలేదు. గట్టు మీద నుంచి బావిలోకి దూకినప్పుడు నీటిని తాకే ఆ క్షణంలో తగిలే దెబ్బ వేరు. అది ఒక్కసారిగా తగులుతుంది, ఈ సూత్రానికి లొంగదు. దూకే అలవాటున్నవాళ్ళు 200 మీటర్ల కంటే తక్కువది పెట్టుకోవద్దు.

దీనికి ఇంత లెక్క ఎందుకు వేశానంటే, కారణం తప్పుగా తెలిస్తే చేసే పని కూడా తప్పుతుంది. ఒత్తిడి ఎక్కువై నీళ్ళు వెళ్ళాయనుకుంటే పెద్ద అంకె కొనడానికి పరిగెడతారు. వాషర్ (లోపలి రబ్బరు రింగు) పోయి నీళ్ళు వెళ్ళాయని తెలిస్తే వాషర్ మార్పిస్తారు. మొదటిదానికి వేలు ఖర్చవుతాయి, రెండోదానికి అంత అవసరం ఉండదు.

అసలు ఆ అంకె ఎలా వస్తుంది? మామూలు వాటర్ రెసిస్టెంట్ వాచీలకు ఐఎస్ఓ 22810 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. అందులో వాచీని రాసిన ఒత్తిడి దగ్గర పది నిమిషాలు ఉంచుతారు. పది సెంటీమీటర్ల నీటిలో గంటసేపు ఉంచుతారు. 40 డిగ్రీల నీటిలోంచి 20 డిగ్రీల నీటిలోకి, మళ్ళీ 40లోకి మారుస్తారు. ఇవన్నీ కొత్త వాచీకి, కదలని నీటిలో, మంచి నీళ్ళతో. వాషర్ పాతబడ్డాక ఆ అంకె నిలవదు, 30 మీటర్లది ఈతకు వద్దనేది అందుకే. తయారైన ప్రతి వాచీనీ పరీక్షించాలని లేదు, కొన్నిటిని తీసి చూసినా చాలు. డైవర్ వాచీల ప్రమాణం ఐఎస్ఓ 6425 వేరు. అక్కడ కనీసం 100 మీటర్లు ఉండాలి, ప్రతి వాచీనీ రాసినదానికంటే పాతిక శాతం ఎక్కువ ఒత్తిడిలో చూడాలి. సిటిజన్ ప్రోమాస్టర్ డైవర్ వాచీల మీద 'డైవర్స్ 200' అని ఉంటుంది. కాసియో డ్యూరో మీద ఉన్నది 'వాటర్ రెసిస్ట్ 200' మాత్రమే. రెండింటి మీదా 200 ఉంది కాబట్టి రెండూ ఒకటే అనుకోకండి. అలాగని డ్యూరో తక్కువదేం కాదు. గాలి సిలిండర్‌తో సముద్రం అడుగుకు వెళ్ళనివాళ్ళకు అది చాలినంత గట్టిది.

ఇప్పుడు వాషర్. వెనక మూత కింద, కీ కాడ చుట్టూ, బటన్ల కాడల చుట్టూ సన్నటి రబ్బరు రింగులుంటాయి. నీటిని ఆపేది అవే. కొత్త వాషర్ గుండ్రటి దారంలా ఉంటుంది, వేలితో నొక్కితే తిరిగి లేస్తుంది, మీద కొంచెం జిడ్డుగా తగులుతుంది. కొన్నేళ్ళు మూత కింద నలిగినది ఒక వైపు బల్లపరుపుగా, మెరుస్తూ ఉంటుంది. లాగితే సాగకుండా చిట్లుతుంది. చెమట, ఉప్పు నీళ్ళు, సబ్బు, ఎండ అన్నీ దాని ఆయుష్షు తగ్గించేవే. వేడి నీళ్ళలో లోహం ఒక తీరున, రబ్బరు ఒక తీరున వ్యాకోచిస్తాయి. సబ్బు కలిసిన నీరు మామూలు నీరు దూరలేని సందుల్లోకి కూడా దూరుతుంది. కాలవలో ఈదినా ఏమీ కాని వాచీకి గీజర్ దగ్గర ఆవిరి పట్టింది ఇందుకే. స్నానానికి వాచీ తీసేయండి. ఇందులో నాకు రెండో మాట లేదు, 200 మీటర్లదైనా సరే.

సెల్లు మార్పించేటప్పుడు షాపులో మూడు మాటలు చెప్పండి: "వాషర్ కొత్తది వేయండి, సిలికాన్ గ్రీజు రాయండి, మూత పెట్టాక ప్రెజర్ టెస్ట్ చేయండి." మూడోది చేసే మెషీన్ చిన్న షాపుల్లో ఉండదు. లేకపోతే లేదని వాళ్ళే చెబుతారు. అప్పుడు ఆ వాచీని చేతులు కడుక్కోవడానికి మాత్రమే నమ్మండి, లేదా కంపెనీ సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళండి. మూత బిగించే ముందు ఒకసారి చూపించమని అడగండి. వాషర్ మీద ఒక్క వెంట్రుక పడి ఉన్నా చాలు, నీటికి అదే దారి. బస్టాండు పక్కన జరిగింది దాదాపు ఖాయంగా ఇలాంటిదే: పాత వాషర్‌నే వేలితో అద్ది, మూత నొక్కేసి ఉంటారు.

ఇక కీ. గట్టి వాచీ విషయంలో నా ఇష్టం చెబుతున్నాను: కీ లేని వాచీ. డిజిటల్ వాచీకి బయటికి లాగే కీ ఉండదు, బటన్లే ఉంటాయి. మరిచిపోయి తెరిచి ఉంచడానికి ఏమీ లేదు. నీళ్ళలో బటన్ నొక్కకుండా ఉంటే చాలు. ముళ్ళ వాచీయే కావాలంటే మర కీ ఉన్నది తీసుకోండి, షాపులోనే మూడుసార్లు విప్పి బిగించండి. మర మొదటి చుట్టులోనే పట్టుకోవాలి. అడ్డంగా ఎక్కుతున్నట్టో గరగరమన్నట్టో అనిపిస్తే ఆ వాచీ పక్కన పెట్టి, అదే మోడల్ ఇంకోటి తీయమనండి.

డయల్ సైజు, రంగు, మీ చేతికి నప్పుతుందా లేదా అన్నవి మీకే తెలుసు, వాటి జోలికి వెళ్ళను.

దెబ్బకు తట్టుకోవడం గురించి. పాత హెచ్ఎంటీ వాచీల డయల్ మీద 'పారాషాక్' అని చూసి, అవి కింద పడినా ఏమీ కావని నమ్మేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఏర్పాటు కాపాడేది లోపల అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఇరుసు కొనలను. అవి వెంట్రుక లావున ఉంటాయి, ముందు విరిగేవి అవే కాబట్టి వాటికి స్ప్రింగు రక్షణ పెట్టారు. అద్దం, ముళ్ళు, కీ కాడ మాత్రం వాటి మానాన అవి ఉంటాయి. ఐఎస్ఓ 1413 ప్రమాణం ప్రకారం 'షాక్ రెసిస్టెంట్' అని రాయాలన్నా, మీటరు ఎత్తు నుంచి గట్టి చెక్క నేల మీద పడినంత దెబ్బకు తట్టుకుంటే చాలు. నిలబడ్డ మనిషి చేతిలోంచి జారితే ఇంచుమించు అంతే. కదిలే బండి మీద నుంచి రోడ్డు మీద పడితే ఆ లెక్క సరిపోదు.

అంతకు మించి కావాలన్నవాళ్ళకు కాసియో వాళ్ళ జీ-షాక్ వాచీల పుట్టుక తెలియాలి. కాసియో ఇంజినీరు కికువో ఇబె 1981లో పని మొదలుపెట్టి, ఆఫీసు మూడో అంతస్తు బాత్రూం కిటికీలోంచి నమూనాలు కింద పడేసి చూసేవారు. లక్ష్యం మూడు పదులు: పది మీటర్ల ఎత్తు నుంచి పడినా, పది బార్ల నీటి ఒత్తిడిలో ఉన్నా తట్టుకోవాలి, సెల్లు పదేళ్ళు రావాలి. ఒక భాగాన్ని గట్టిచేస్తే ఇంకో భాగం విరిగేది. రెండు వందలకు పైగా నమూనాలు పగిలాక, పార్కులో ఒక పాప రబ్బరు బంతి ఆడుతుంటే చూసి దారి దొరికింది. బంతి మధ్యలో ఉన్నదానికి దెబ్బ తగలదు కదా. లోపలి యంత్రాన్ని కొన్ని బిందువుల దగ్గర మాత్రమే ఆనేలా, మిగతా చుట్టూ ఖాళీ వదిలి నిలబెట్టారు. అలా వచ్చిన మొదటి మోడల్ డీడబ్ల్యూ-5000సీ, 1983 ఏప్రిల్. చౌక నకళ్ళు బయటి రబ్బరు ఆకారాన్ని మాత్రమే దింపుతాయి. కవచం ఒకటే, కడుపులో ఆ ఖాళీ ఉండదు.

మీరు కొనబోతే అదే చతురస్రపు వంశంలోని డీడబ్ల్యూ-5600 తీసుకోండి. 200 మీటర్లు. ఎండతో ఛార్జ్ అయ్యే జీడబ్ల్యూ-ఎం5610 కూడా మంచిదే, అందులో ఒక సంగతి తెలుసుకుని డబ్బు పెట్టండి. అది రేడియో సంకేతం అందుకుని టైం తనే సరిచేసుకుంటుంది. ఆ సంకేతాలు పంపే కేంద్రాలు జపాన్, చైనా, అమెరికా, బ్రిటన్, జర్మనీల్లో ఉన్నాయి. మన దేశంలో లేవు. విజయవాడలో ఉన్నవాళ్ళు ఆ సౌకర్యం కోసం అదనంగా ఇవ్వనక్కర్లేదు. డాలస్‌లోనో లండన్‌లోనో ఉన్న తెలుగువాళ్ళకు అది బాగా పనికొస్తుంది. సోలార్ వాచీని నెలల తరబడి బీరువాలో పడేయకండి, లోపలి ఛార్జింగ్ సెల్లు దెబ్బతింటుంది.

డబ్బు తక్కువ ఉంటే కాసియో ఎఫ్-91డబ్ల్యూ. 1989 నుంచి వస్తోంది, 21 గ్రాములు, సెల్లు ఏడేళ్ళ దాకా. ముఖం మీద 'వాటర్ రెసిస్ట్' అని ఉంటుంది, ఎన్ని మీటర్లో ఉండదు. దాని అర్థం వాన, చెమట, కుళాయి. దానితో ఈదినవాళ్ళు ఉన్నారు, నేను మాత్రం ఈదమని చెప్పను.

ఆటోమేటిక్ వాచీ (సెల్లు లేకుండా చేతి కదలికతో నడిచేది) మీద మోజున్నవాళ్ళకు: రోడ్డు పని, డ్రిల్లింగ్, రాళ్ళు కొట్టే పని, రోజంతా బండి నడిపే ఉద్యోగం ఉంటే వద్దు. సీకో 4ఆర్36 మెషీన్‌కు కంపెనీ చెప్పే తేడా రోజుకు +45 నుంచి -35 సెకన్ల దాకా ఉంటుంది. ఎఫ్-91డబ్ల్యూకి నెలకు 30 సెకన్లు. నల్లమలలో నడకకు వెళ్ళి చీకటి పడేలోగా తిరిగి రావాలనుకునేవాళ్ళకు రెండోదే నయం.

అద్దం సంగతి చిన్నది. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ గట్టితనం మోస్ కొలతలో 7, మామూలు మినరల్ గాజుది అంతకంటే తక్కువ, నీలం రాయి (సఫైర్) గాజుది 9. పొలం, బీచ్, సిమెంటు పనుల్లో గీతలు పడేది ఇసుక వల్లే. నీలం రాయి గాజుకు డబ్బు లేకపోతే, చుట్టూ అంచు అద్దం కంటే ఎత్తుగా ఉన్న వాచీ చూసుకోండి. బోర్లా పడినా అంచే నేలకు తగులుతుంది.

అభ్యాసం. ఈసారి కొంచెం కష్టం, అయినా అందరూ చేయాలి. ఐఎస్ఓ 22810 ప్రమాణంలోనే ఉన్న ఆవిరి పరీక్షను ఇంట్లో చేయబోతున్నాం. ఇత్తడి పళ్ళెంలో వాచీని వెనక మూత కిందికి వచ్చేలా పెట్టి, ఎండలో ఇరవై నిమిషాలు ఉంచండి. పళ్ళెం 40 నుంచి 45 డిగ్రీల మధ్య ఉండాలి. చెయ్యి పెడితే బాగా వెచ్చగా తగలాలి, చురుక్కుమనకూడదు. మన మే నెల ఎండకు పది గంటలకే అంత వేడెక్కుతుంది, మిట్టమధ్యాహ్నం చేయకండి. కారు డ్యాష్‌బోర్డు మీద అసలే వద్దు, అక్కడి వేడికి స్క్రీన్ నల్లబడుతుంది. తరవాత నీడలోకి తెచ్చి, అద్దం మధ్యలో కుండ నీళ్ళు ఒక్క చుక్క వేయండి. నిమిషం ఆగి, పొడి గుడ్డతో తుడిచి, పక్క వెలుతురులో చూడండి. చుక్క ఉన్నచోట లోపలివైపు మసక కనిపిస్తే లోపల తేమ ఉన్నట్టే. కుండ నీళ్ళు 18 డిగ్రీల కంటే చల్లగా ఉండకూడదు. ఐసు నీళ్ళు వేస్తే మంచి వాచీ కూడా మసకబారవచ్చు, అప్పుడు పరీక్షకు అర్థం ఉండదు. ఇంట్లో ఎన్ని వాచీలుంటే అన్నిటికీ చేసి, ఏది ఏ సంవత్సరం కొన్నదో, సెల్లు ఎప్పుడు మార్చిందో పక్కన రాయండి.

మసక కనిపించిన వాచీని బియ్యం డబ్బాలో పెట్టకండి. తేమ పోయినట్టు కనిపిస్తుంది, తుప్పు లోపల మొదలవుతూనే ఉంటుంది. షాపుకి తీసుకెళ్ళి మూత తీయించి, ఆరబెట్టించి, వాషర్ మార్పించండి. సముద్రపు నీళ్ళు దూరిందయితే ఆ రోజే వెళ్ళాలి. దారిలో కీ లాగి నీళ్ళు పోతాయేమో చూడొద్దు. సెల్లు తీసేయమని మొదటి మాటగా చెప్పండి, ఉప్పు నీటిలో కరెంటు పారినంతసేపూ లోపలి సర్క్యూట్‌ను తినేస్తుంటుంది.